ఫ్రెడ్డీ కోసం తిరిగిన ఊళ్ళు: లండన్, మోంత్రో, మధ్యలో పంచ్‌గని

ముందే చెప్పేస్తాను. క్వీన్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్ మీద, దాని గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మీద ప్రేమతో యూరప్ బయల్దేరేవాళ్ళుంటే లండన్‌లో రోజులు తగ్గించి, స్విట్జర్లాండ్‌లోని మోంత్రోలో పెంచుకోండి. లండన్‌లో ఆయన పేరు తెచ్చుకున్నాడు, ఇల్లు కొనుక్కున్నాడు, అక్కడే పోయాడు. కానీ అభిమాని వెళ్ళి కాసేపు నిలబడి, ఓ పువ్వు పెట్టి రావడానికి ఆ మహానగరంలో సరైన చోటు లేదు. సరస్సు ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊళ్ళో ఉంది.

వెళ్ళింది అక్క, బావ, నేను. అసలు అభిమాని బావ. 1980ల చివర్లో వరంగల్ ఆర్‌ఈసీ హాస్టల్లో ఉన్నప్పుడు రూమ్మేట్ వాళ్ళ అన్న దుబాయ్ నుంచి తెచ్చిన క్యాసెట్‌తో మొదలైంది ఆ పిచ్చి. పాటల్లో మాటలు అర్థం కాక, ఎలా వినిపిస్తే అలా తెలుగులో రాసుకున్న నోట్‌బుక్ ఇంకా వాళ్ళింట్లో బీరువాలో ఉంది. సగం తప్పులే, అయినా ఇప్పటికీ ఆ తప్పులతోనే పాడతాడు. నేను ఇళయరాజా బ్యాచ్. బావ పుణ్యమా అని ఓ పది క్వీన్ పాటలు నోటికొచ్చు, అంతే. అక్క అయితే వీసా ఫారం నింపేటప్పుడే చెప్పేసింది: "మీరు ఎవరి విగ్రహం చూసుకుంటారో చూసుకోండి, నాకు మాత్రం సరస్సు కావాలి."

2023నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఫ్రెడ్డీ చనిపోతూ తన ఇంటినీ అందులోని సామానునూ స్నేహితురాలు మేరీ ఆస్టిన్‌కి రాసిచ్చాడు. 30 ఏళ్ళకి పైగా ఆ ఇంటిని అలాగే ఉంచిన ఆవిడ, ఆ ఏడాది సామాను వేలానికి ఇచ్చారు. వేలానికి ముందు సోథబీస్ సంస్థ అదంతా ఆగస్టు 4 నుంచి సెప్టెంబర్ 5 దాకా లండన్‌లో ఉచితంగా చూపించింది. సెప్టెంబర్ 5 ఫ్రెడ్డీ పుట్టినరోజు. ఏటా ఆ రోజుల్లోనే మోంత్రోలో అభిమానుల పండగ. ఆగస్టు చివర లండన్, అక్కణ్ణుంచి పుట్టినరోజుకి మోంత్రో. బావ ఈ లెక్క వేసుకుని సెలవు పెట్టాక నాకు ఫోన్ చేశాడు.

వీసాల సంగతి. బ్రిటన్ వేరు, షెంగెన్ (స్విట్జర్లాండ్‌కి కావలసిన ఉమ్మడి యూరప్ వీసా) వేరు. అప్పటికి బ్రిటన్ ఆరు నెలల వీసా 100 పౌండ్లు, షెంగెన్ 80 యూరోలు, సర్వీసు చార్జీలు అదనం. హైదరాబాద్‌లోనే రెండిటికీ వేలిముద్రలు ఇవ్వొచ్చు. కానీ మేం ఒక వీసాకి పాస్‌పోర్టు ఇచ్చాక అది తిరిగొచ్చేదాకా రెండోదానికి ఇవ్వలేకపోయాం కాబట్టి, ఆగస్టు ప్రయాణానికి మే నెలలోనే మొదలుపెట్టాల్సి వచ్చింది. టెన్షన్ అంతా ఇక్కడే.

లండన్‌లో బస ఎర్ల్స్ కోర్ట్ దగ్గర పెట్టుకున్నాం, ఫ్రెడ్డీ ఇంటికి నడిచి వెళ్ళొచ్చని. పేరు చెప్పను గానీ, ముగ్గురికి రాత్రికి 170 పౌండ్లు తీసుకున్న ఆ హోటల్ గదిలో పెట్టె తెరిస్తే బాత్రూమ్ తలుపు తెరుచుకోదు. లిఫ్టులో ఇద్దరు పడతారు, సామాను ఉంటే ఒక్కరే. కార్పెట్ తడి వాసన. పొద్దున టిఫిన్ అంటే బ్రెడ్డు, తీపి చిక్కుడు గింజలు. కౌంటర్ దగ్గర కుర్రాడు మాత్రం చాలా మర్యాదస్తుడు, అక్క అడిగినప్పుడల్లా కెటిల్లోకి పాలు తెచ్చిచ్చాడు. మళ్ళీ వెళ్తే నేను హౌన్స్లోలో దిగుతాను. ఎర్ల్స్ కోర్ట్‌కి నేరుగా పికడిల్లీ మెట్రో లైన్ ఉంది, గదులు చవక, వీధంతా మన సరుకుల కొట్లు. అక్కడ మా ఊరివాళ్ళబ్బాయి ఇంట్లో ఒక పూట తిన్న పప్పుచారు అన్నమే లండన్ మొత్తంలో అక్కకి నచ్చిన భోజనం.

సోథబీస్ న్యూ బాండ్ స్ట్రీట్‌లో ఉంది. గుమ్మం పైన పెద్ద మీసం కట్టారు, ఫ్రెడ్డీ మీసం. క్యూ వీధి మలుపు దాటి పోయింది. సన్నగా చినుకులు పడుతున్నా ఎవరూ విసుక్కోలేదు. వేలం కంపెనీ కాబట్టి దర్పంగా ఉంటారనుకున్నాం గానీ, వాచ్‌మన్ నుంచి లోపల ఉన్నవాళ్ళ దాకా అందరూ ఓపిగ్గా మాట్లాడారు. లండన్‌లో సేవ విషయంలో నేను పూర్తి మార్కులు వేసేది ఇక్కడే, అదీ ఉచితంగా ఇచ్చిన చోట.

లోపల ఏముందంటే ఏం లేదని అడగాలి. 1986 టూర్‌లో కచేరీల చివర్లో వేసుకునే కిరీటం, ఎర్రటి రాజు అంగీ. ఇంట్లో వాయించుకున్న యమహా పియానో. జపాన్ నుంచి కొని తెచ్చుకున్న కిమోనోలు. వాటి ముందు అక్క చాలాసేపు ఆగి, "ఈ అంచు చూడరా, గద్వాల్ నేసేవాళ్ళకి చూపించాలి" అంది. ఆరు పిల్లుల బొమ్మలు వేసిన చొక్కా లాంటి వెయిస్ట్‌కోట్, ఆయన కనిపించిన ఆఖరి వీడియోలో వేసుకున్నది. దాని దగ్గర జనం ఫోన్లు దించేసి ఊరికే చూస్తున్నారు.

బావ ఆగిపోయింది కాగితాల దగ్గర. 'బొహీమియన్ రాప్సొడీ' చిత్తుప్రతి, ఒక విమాన కంపెనీ కాగితాల మీద చేతిరాత. పైన మొదట 'మంగోలియన్ రాప్సొడీ' అని రాసి, మొదటి మాట కొట్టేసి 'బొహీమియన్' అని పెట్టుకున్నాడు. 1975 నుంచి ప్రపంచమంతా పాడుతున్న పాటకి మొదట అనుకున్న పేరు వేరన్నమాట. బావ అద్దానికి ముక్కు ఆనించి చదువుతుంటే వెనకున్న ముసలాయన చిన్నగా దగ్గాడు, బావ జరిగాడు, ఆయనా అలాగే ముక్కు ఆనించాడు.

నన్ను ఆపేసింది వేరే వస్తువు: ఫ్రెడ్డీ ఇంటి తోట గోడకున్న ఆకుపచ్చ తలుపు. ఆయన పోయినప్పటి నుంచి అభిమానులు వచ్చి దాని మీద రాసుకుంటూ పోయారు. పెన్నుతో, మార్కర్‌తో, మేకుతో గీకి. పేర్లు, తేదీలు, గుండె బొమ్మలు, నాకు తెలియని లిపులు. ఒకరి రాత మీద ఇంకొకరిది. సెప్టెంబర్ 6న వేలంలో మొదట పాడింది ఆ తలుపునే. 15 వేల నుంచి 25 వేల పౌండ్లు వస్తుందని వాళ్ళు వేసుకున్న అంచనా. పోయింది 4,12,750 పౌండ్లకి. రాతలు లేకపోతే అది పాత చెక్క తలుపు. ఆ విలువ పెంచినవాళ్ళు ఊరూ పేరూ తెలియని అభిమానులు, వాళ్ళ చేతికి వచ్చింది మాత్రం ఏమీ లేదు. ఇది అన్యాయమని బావ అనడు. "రాసినవాడు డబ్బుకోసం రాశాడా?" అన్నాడు. వచ్చిన మొత్తంలో కొంత ఎయిడ్స్ మీద పనిచేసే ట్రస్టులకి (ఫ్రెడ్డీ పోయింది ఆ జబ్బుతోనే) వెళ్ళింది కాబట్టి నేనూ వాదించలేదు.

ఆ సాయంత్రమే ఇంటి దగ్గరికి వెళ్ళాం. కెన్సింగ్టన్‌లో లోగన్ ప్లేస్ అనే వీధి, గార్డెన్ లాడ్జ్ ఇంటి పేరు. ఎర్ల్స్ కోర్ట్ స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక. 1980లో కొన్నాడు, 1991 నవంబర్ 24న ఇక్కడే చనిపోయాడు. చూడటానికి ఎత్తైన ఇటుక గోడ, గోడపైన చెట్ల కొమ్మలు. అంతే. ఒకప్పుడు ఈ గోడ నిండా ఉత్తరాలూ రాతలూ ఉండేవి, కొన్నాళ్ళ క్రితం అవన్నీ తీయించేశారు. రాతల తలుపేమో బాండ్ స్ట్రీట్‌లో లైట్ల కింద ఉంది. మేం వెళ్ళేసరికి గోడ వారగా రెండు పూలగుత్తులు, పిల్లి బొమ్మ ఒకటి. నలుగురు ఇటలీ వాళ్ళు వచ్చి ఫోటో దిగి వెళ్ళిపోయారు. ఎదురింటావిడ కారు దిగుతూ మా వైపు చూసిన చూపులో కోపం లేదు, ఆహ్వానమూ లేదు. అక్కడుండేవాళ్ళ ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి, ఇళ్ళున్న వీధి అది. ఇంటిని 2024 ఫిబ్రవరిలో 30 మిలియన్ పౌండ్లకి పైగా ధర చెప్పి అమ్మకానికి పెట్టారు. కాబట్టి వెళ్ళండి, గొంతు పెంచకుండా ఓ పావుగంట ఉండండి. దీనికోసమే ఎర్ల్స్ కోర్ట్‌లో బస చేయక్కర్లేదు.

లండన్ పడమటి శివారులోని ఫెల్తమ్ మొండి అభిమానులకి మాత్రమే. 1964లో ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో తిరుగుబాటు జరిగాక బుల్సారా కుటుంబం (ఫ్రెడ్డీ అసలు ఇంటిపేరు అదే) అన్నీ వదిలి ఇంగ్లండ్ వచ్చి మొదట ఉన్నది ఇక్కడ, 22 గ్లాడ్‌స్టన్ అవెన్యూ. చిన్న ఇల్లు, ఆయన ఇక్కడ ఉన్నాడని చెప్తూ 2016లో గోడకి పెట్టిన గుండ్రటి నీలం ఫలకం. ఫ్రెడ్ బుల్సారా అన్న పేరు కూడా ఉంటుంది దాని మీద. తల మీద నుంచి హీత్రూ విమానాలు వరసగా దిగుతుంటాయి. ఆ విమానాశ్రయంలోనే ఆయన సామాన్లు మోసే పని కూడా చేశాడు. ఇప్పుడు హౌన్స్లో, ఫెల్తమ్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఇలాగే షిఫ్టులు చేస్తూ ఉన్నారో! అందుకేనేమో, గార్డెన్ లాడ్జ్ గోడ కంటే ఈ వీధి నాకు దగ్గరగా అనిపించింది. వెంబ్లీ వెళ్ళలేదు. 1985 జూలై 13న లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీలో ఇరవై నిమిషాల్లో జనాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ఆ స్టేడియం 2003లోనే కూల్చేశారు. ఇప్పుడున్నది 2007లో తెరిచిన కొత్తది.

లండన్ నుంచి జెనీవా గంటన్నర విమానం. విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్. మోంత్రోకి గంటా పది నిమిషాలు, మధ్యలో మారే పని లేదు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. లోజాన్ దాటాక ఒకవైపు లావో ద్రాక్షతోటలు మెట్లు మెట్లుగా, మరోవైపు కిందకి సరస్సు, ఆవల ఫ్రాన్సు కొండలు. అక్క అప్పటిదాకా లండన్ మీద పెట్టుకున్న అలక అక్కడ పోయింది.

పండగ రోజుల్లో మోంత్రో హోటళ్ళు మండిపోతాయి. సరస్సు ముందున్న పెద్ద హోటళ్ళ జోలికి పోలేదు. స్టేషన్ పైన కొండవాలులో పాతకాలపు హోటల్ దొరికింది. గది విశాలం, బాల్కనీ నుంచి నీళ్ళు కనిపిస్తాయి, మంచాలు శుభ్రం. లోపాలు రెండు. ఏసీ లేదు. స్విట్జర్లాండ్ అంటే చలి అనుకుని స్వెట్టర్లు మోసుకెళ్ళాం గానీ సెప్టెంబర్ మొదట్లో చెమటలు పట్టాయి, అడిగితే ఒక టేబుల్ ఫ్యాను ఇచ్చారు, అదీ ముగ్గురికి ఒకటి. రెండోది మెట్లు. రాత్రి భోజనం చేసి కొండెక్కి రావడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. ఖర్చు తగ్గాలంటే వెవే ఊళ్ళో దిగండి, రైల్లో పది నిమిషాల లోపే. చాప్లిన్ చివరి ఏళ్ళు గడిపింది కూడా ఆ ఊరి పక్కనే, సరస్సు ఒడ్డున ఆయన విగ్రహమూ ఉంది.

ఎక్కడ దిగినా రివియేరా కార్డు అడగడం మర్చిపోవద్దు. రాత్రి బస చేసే ప్రతివాళ్ళకీ హోటల్ ఇస్తుంది. ఊరి బస్సులు ఉచితం, షియోన్ కోటకి టికెట్‌లో తగ్గింపు. చేతికి ఇచ్చేదాకా మాకు ఎవరూ చెప్పలేదు గానీ, ఈ సేవ లాంటిది మన టూరిజం వాళ్ళు కూడా పెడితే ఎంత బాగుండు.

ఇక విగ్రహం. మార్కెట్ షెడ్డు ముందు, నీటి అంచున, మూడు మీటర్ల కంచు మనిషి. కుడి చెయ్యి పిడికిలి బిగించి పైకి, ఎడమ చేతిలో సగం మైకు కర్ర, ముఖం సరస్సు వైపు. చెక్ దేశంలో పుట్టిన శిల్పి ఇరేనా సెద్లెట్స్కా చేసింది. లండన్‌లో పెట్టాలని కొన్నేళ్ళు ప్రయత్నించారు, చోటు దొరకలేదు. చివరికి 1996 నవంబర్ 25న ఇక్కడ పెట్టారు. లండన్ పోగొట్టుకున్నది ఈ ఊరికి దక్కింది.

పుట్టినరోజుకి ముందు రోజు పొద్దున ఇంకా ఎండ రాకముందు వెళ్ళాం. దిమ్మె చుట్టూ గులాబీలు, కొవ్వొత్తులు, ప్లాస్టిక్ కవర్లలో ఉత్తరాలు, పిల్లి బొమ్మలు, ఎవరి పెళ్ళి ఫోటోనో. అరవై దాటిన ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని, పాత బ్యాంకు కార్డుతో రాతి మీద గడ్డకట్టిన మైనం గీకుతోంది. పక్కన చెత్త సంచి, నీళ్ళ సీసా, గుడ్డ ముక్కలు. మున్సిపాలిటీ మనిషనుకున్నాను. కాదు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన అభిమాని. వాడిన పూలు సంచిలో వేస్తోంది, ఉత్తరాలు మాత్రం ఒక్కటీ పారేయడం లేదు. తడిసినవి విప్పి, గుడ్డతో అద్ది, బెంచీ మీద ఆరబెట్టి, మళ్ళీ కవర్లో పెట్టి ఎక్కడివి అక్కడే ఉంచుతోంది. చదువుతున్నారా అని బావ అడిగాడు. తల అడ్డంగా ఊపింది, తనకి రాసినవి కావు కదా అంది. 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో క్వీన్ చేసిన కచేరీలో ఆవిడ ఉందట. ఫ్రెడ్డీ బ్యాండ్‌తో పాడిన ఆఖరి కచేరీ అది. బావ ఆ మాట విన్నాక ఆవిణ్ణి "అమ్మా" అని తప్ప పిలవలేదు. ఆవిడకి అర్థం కాకపోయినా పలికింది. తర్వాత బావ కూడా కూర్చుని మైనం గీకాడు, తన మెట్రో కార్డుతో.

మన దగ్గర హీరో పుట్టినరోజుకి అభిమాన సంఘాలు రక్తదాన శిబిరాలు పెట్టినట్టే, ఇక్కడ కూడా సందడి వెనక సేవ ఉంది. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీలో స్నేహితులు చేసిన నివాళి కచేరీ తర్వాత మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు పెట్టారు, ఎయిడ్స్ మీద పని చేయడానికి. ఇక్కడ అమ్మే టీషర్టు నుంచి హుండీలో వేసే నాణెం దాకా ఆ ట్రస్టు పేరే వినిపిస్తుంది. తేడా అల్లా, కటౌట్లు లేవు, ఎవరి ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో పెద్దదన్న గొడవ లేదు.

విగ్రహం నుంచి సరస్సు ఒడ్డునే నడిస్తే కాసినో. దీనికో కథ ఉంది. 1971 డిసెంబర్ 4న అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా పాత కాసినో కాలిపోయింది. అప్పుడు ఊళ్ళో ఉన్న డీప్ పర్పుల్ బ్యాండ్ వాళ్ళు సరస్సు మీద పొగ చూసి 'స్మోక్ ఆన్ ద వాటర్' పాట కట్టారు, గిటారు పట్టుకున్న ప్రతివాడూ మొదట నేర్చుకునే పాట అదే. మళ్ళీ కట్టిన కాసినోలో మౌంటెన్ స్టూడియోస్ పెట్టారు. క్వీన్ 1978లో 'జాజ్' ఆల్బమ్‌లో కొంత ఇక్కడ రికార్డు చేసి, మరుసటి ఏడాది స్టూడియోనే కొనేసింది. ఇంగ్లీషు గాయకుడు డేవిడ్ బౌవీతో కలిసి పాడిన 'అండర్ ప్రెషర్' ఇక్కడే పుట్టింది. 2013 నుంచి దాన్ని ఉచిత ప్రదర్శనశాల చేశారు. వెళ్ళే ముందు తెరిచి ఉందో లేదో ఒకసారి ఫోన్లో చూసుకోండి.

జూదం మెషీన్ల మోత వినిపించే చోట పక్కనుంచి లోపలికెళ్తే చిన్న చిన్న గదులు. బట్టలు, గిటార్లు, రాత కాగితాలు. అవి సోథబీస్‌లో ఇంతకన్నా ఎక్కువే చూశాం. ఇక్కడ విషయం చివరి గది, కంట్రోల్ రూమ్. 1991 మే నెలలో, నిలబడటమే కష్టమైనప్పుడు, ఫ్రెడ్డీ ఇక్కడ పాడాడు. 'మదర్ లవ్' పాటలో చివరి చరణం ఇంకోసారి వచ్చి పాడతానని వెళ్ళి మళ్ళీ రాలేదు. దాన్ని బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే పాడి పూర్తి చేశాడు. 1995లో వచ్చిన 'మేడ్ ఇన్ హెవెన్' ఆల్బమ్‌లో ఉంటుంది.

గదిలో మిక్సింగ్ బల్ల ఉంది, మీటలు మనమే జరపొచ్చు. డ్రమ్స్ తగ్గించొచ్చు, గిటారు పెంచొచ్చు. బావ ఒక్కో మీటా కిందికి దించుతూ పోయాడు. డ్రమ్స్ పోయాయి, బేస్ పోయింది, గిటారు పోయింది, గొంతొక్కటే మిగిలింది. పాట మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. నాకు ఒళ్ళు జలదరించింది, చెప్పొద్దూ. అప్పటిదాకా కుర్చీ వెతుక్కుంటున్న అక్క కూడా వచ్చి నిలబడింది. "మన సుశీల గారి పాట ఇట్టా వినాలని ఉందిరా" అంది. వెనక క్యూలో ఉన్న కుర్రాళ్ళు ఎవరూ తొందరపెట్టలేదు. ఉచితమని గబగబా చుట్టి రాకండి, పొద్దున్నే వెళ్ళండి, ఆ బల్ల దగ్గరే సమయమంతా పెట్టండి. బయట స్టూడియో పాత గుమ్మం పక్క గోడ అభిమానుల రాతలతో నిండిపోయింది. లండన్‌లో చెరిపేసినవి ఇక్కడ ఉండనిచ్చారు. బావ తెలుగులో ఓ లైను రాశాడు. ఏం రాశాడో అడిగితే చెప్పలేదు, నేను వెళ్ళి చదివాను: హాస్టల్ గది నంబరు, బ్యాచ్ సంవత్సరం, అంతే.

డబ్బు కట్టి వెళ్ళిన గైడ్ నడక మాత్రం నిరాశ. మనిషికి 40 ఫ్రాంకులు. గైడుకి విషయం బాగా తెలుసు, కానీ గుంపులో పాతికమందికి పైనే, చెవిలో పెట్టుకునే యంత్రాలు లేవు. కార్లు పోతుంటే వెనకున్నవాళ్ళకి సగం మాటలే. చివరికి ఫ్రెడ్డీ ఉన్న అపార్ట్‌మెంటనీ, బ్యాండ్ వాళ్ళు డక్ హౌస్ అని పిలుచుకున్న నీటి ఒడ్డు ఇల్లనీ దూరం నుంచి చూపించి పంపేశారు, రెండూ వేరేవాళ్ళ సొంత ఇళ్ళు. ఆ డబ్బుతో కొవ్వొత్తి కొని విగ్రహం దగ్గర గంట కూర్చుంటే, ఇంతకంటే మంచి కబుర్లు అభిమానులే చెప్తారు.

తిండి గురించి. మామూలు పిజ్జా 20 ఫ్రాంకులు దాటుతుంది, కాఫీ 5. ఫాండ్యూ అని కరిగించిన చీజ్‌లో బ్రెడ్డు ముంచుకుని తింటారు. అందులో వైట్ వైన్ పోస్తారని తెలిసి అక్క ముట్టలేదు, నేనూ బావా అక్క వాటా కూడా తిన్నాం. ఊళ్ళో ఇండియన్ హోటల్ ఒకటి చూసి సంబరంగా వెళ్తే పప్పులో కూడా క్రీమే. కోప్, మిగ్రో సూపర్‌మార్కెట్లే గతి: పెరుగు, బ్రెడ్డు, పళ్ళు, సలాడ్లు. పులిహోర పొడి, ఉప్మా మిక్సు, చిన్న రైస్ కుక్కరు ఉంటే బతికిపోతారు. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనకండి.

షియోన్ కోట తప్పకుండా చూడండి, బస్సులో పావుగంట కూడా లేదు. నీళ్ళలోంచి లేచినట్టుంటుంది. మన టూరిస్టు బస్సులన్నీ ఇంటర్‌లాకెన్, టిట్లిస్ వైపే పోతాయి కాబట్టి ఇక్కడ కాస్త ప్రశాంతం. రోషే ద నాయ్ కొండ రైలుకి మబ్బు పట్టిన రోజు టికెట్ కొనకండి, పైన 2,042 మీటర్ల ఎత్తులో మబ్బు తప్ప ఏమీ కనబడదు.

పుట్టినరోజు సాయంత్రం విగ్రహం దగ్గర ఇసకేస్తే రాలనంత జనం అని రాయాలనుంది గానీ, అంత లేరు. కొన్ని వందల మంది. వయసులు చూడాలి. నెబ్‌వర్త్ అమ్మ లాంటివాళ్ళు ఒక వైపు, 2018లో ఫ్రెడ్డీ మీద సినిమా వచ్చాక పాటలు విన్న పదిహేను పదహారేళ్ళ పిల్లలు ఇంకోవైపు. ఫ్రెడ్డీ పోయేటప్పటికి ఆ పిల్లల అమ్మానాన్నలకే పెళ్ళిళ్ళు అయి ఉండవు. ఫ్రెడ్డీలా పసుపు జాకెట్టు, అతికించిన మీసంతో ఒక బ్రెజిల్ కుర్రాడు. పాతవాళ్ళకి సినిమా చూసి వచ్చినవాళ్ళంటే చిన్నచూపు ఉంటుందనుకున్నాను, బావకి కొంచెం ఉంది కూడా. ఫ్రెడ్డీ బదులు గాయకుడు ఆడమ్ లాంబర్ట్‌తో అప్పట్లో తిరుగుతున్న క్వీన్‌ని క్వీన్ అనొచ్చా అని అక్కడ ఒక వాదన నడిచింది. బావ అనకూడదన్నాడు. నెబ్‌వర్త్ అమ్మ మాత్రం ఎన్నో షోలు చూశానంది. బ్రయన్, డ్రమ్మర్ రోజర్ బతికుండగా వాళ్ళ వాయిద్యం వినకుండా ఇంట్లో కూర్చుని ఏం సాధిస్తావని అడిగింది. బావ దగ్గర జవాబు లేదు. ఈలోగా ఎవరో స్పీకర్ పెట్టారు, లైవ్ ఎయిడ్‌లో ఫ్రెడ్డీ జనంతో అనిపించిన 'ఏ... ఓ' మొదలైంది. అక్క వీడియో తీస్తూనే అందరికంటే గట్టిగా అరిచింది.

యూరప్ దాకా ఎందుకు అనుకునేవాళ్ళకి పంచ్‌గని ఉంది. ఫ్రెడ్డీ అసలు పేరు ఫరూఖ్ బుల్సారా, పార్సీ పిల్లాడు. 1946లో జాంజిబార్‌లో పుట్టాడు, ఎనిమిదేళ్ళకే మహారాష్ట్ర కొండల్లో ఉన్న సెయింట్ పీటర్స్ స్కూల్ హాస్టల్‌కి పంపారు. ఫ్రెడ్డీ అన్న పిలుపు అక్కడ పడిందే. తోటి పిల్లలతో 'ద హెక్టిక్స్' అని బ్యాండు కట్టి పియానో వాయించింది అక్కడే. బావతో అంతకుముందు ఒక చలికాలం వెళ్ళాను. హైదరాబాద్ నుంచి పుణె రాత్రి రైలు, పుణె స్వార్‌గేట్ నుంచి మహాబలేశ్వర్ ఆర్టీసీ బస్సు ఎక్కితే దారిలోనే దిగొచ్చు, వంద కిలోమీటర్ల చిల్లర. స్కూలు నడుస్తున్న స్కూలు, టూరిస్టు స్పాట్ కాదు, కాబట్టి గేటు దగ్గర ఆపేస్తే నొచ్చుకోవద్దు. బయట నుంచి చెట్లూ, రాతి కట్టడాలూ చూసి, టేబుల్ ల్యాండ్ అనే చదునైన కొండ ఎక్కి, స్ట్రాబెర్రీలు తిని రండి. బసకి మేం దిగిన లాడ్జిలో వేడినీళ్ళు పొద్దున ఏడింటిదాకానే, ఆ తర్వాత బకెట్టుకి డబ్బులు. అలాంటివి ముందే అడిగి దిగండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మంచి సమయం, శని ఆదివారాలు వదిలేయండి, ముంబై పుణె కార్లన్నీ అక్కడే ఉంటాయి.

బావ తర్వాతి గురి జాంజిబార్. స్టోన్ టౌన్‌లో 2019 నవంబర్ 24న ఫ్రెడ్డీ పేరున మ్యూజియం తెరిచారు, ఫోటోలు చూస్తే చిన్నదే. అక్క సముద్రం చూసి ఒప్పుకుంది. గదికి ఏసీ ఉండాలి, పప్పులో క్రీము ఉండకూడదు, ఈ రెండు షరతుల మీద.